ఇంటిపంట

కుటుంబ వాడకానికి కావలసిన కూరగాయలు, ఆకుకూరలు, కొన్ని పండ్లు, మందుమొక్కలను ఇంటి ఆవరణలోనో, డాబా మీదనో, ఇరుగుపొరుగుతో కలిసి ఉమ్మడి స్థలంలోనో పండించుకోవడాన్ని ఇంటిపంట అంటారు. అమ్మకం దీని ముఖ్యోద్దేశం కాదు. మిగిలినది పంచుకుంటారు, అరుదుగా అమ్ముతారు. రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా, వంటింటి వ్యర్థాలను ఎరువుగా మార్చుకుంటూ, నీటిని పొదుపుగా వాడుతూ సాగే ఇంటిపంటను సుస్థిర ఇంటిపంటగా పరిగణిస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దీనికి మూడు రూపాలున్నాయి: పెరటి తోట, మిద్దె తోట, సామూహిక తోట. మొదటిది పాతది. రెండవది నగరాల విస్తరణతో వచ్చింది. మూడవది మహిళా సంఘాలు, అంగన్‌వాడీలు, బడులు, అపార్ట్‌మెంట్ల ద్వారా నెమ్మదిగా రూపు దిద్దుకుంటోంది.

చరిత్ర

*తెలుగు ఇంటి పెరడు*

తెలుగు పల్లెల్లో ఇంటి వెనుక పెరడు లేదా దొడ్డి ఇంటి నిర్మాణంలో భాగంగానే ఉండేది. బావి గట్టున అరటి, స్నానాల నీరు పారే చోట కొబ్బరి లేదా కంద, గోడ పక్కన కరివేపాకు, మునగ, పందిరి మీద బీర, సొర, పొట్ల పాదులు, పాక కప్పు మీదికి పాకించిన గుమ్మడి, బూడిద గుమ్మడి కనిపించేవి. అంట్లు తోమిన నీరు, బియ్యం కడుగు మొక్కలకు లేదా పశువుల కుడితికి చేరేవి. పేడ, చెత్త, పొయ్యి బూడిద పెంటకుప్పలో మాగి మళ్ళీ పాదుకే వచ్చేవి. ఇంటి నుంచి బయటికి పోయే వ్యర్థం చాలా తక్కువగా ఉండే ఈ అమరికను ఎవరూ ప్రత్యేక విధానంగా భావించలేదు. నేటి సుస్థిర సాగు సూత్రాల్లో చాలావరకు అందులో ఉన్నాయి.

పెరటికి పండుగలతోనూ సంబంధం ఉంది. రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం చేసి, చిక్కుడు ఆకుల మీద పరమాన్నం నివేదిస్తారు. చిక్కుడు విరగకాసే కాలమూ అదే. బతుకమ్మకు గుమ్మడి పువ్వు, బంతి పెరటి నుంచే వచ్చేవి.

విత్తన సంరక్షణలో స్త్రీల పాత్ర ప్రధానమైనది. ముదిరిన సొరకాయను, బీరకాయను ఎండబెట్టి పొయ్యి పైన దూలానికి వేలాడదీయడం, గింజలకు బూడిద లేదా వేపాకు కలిపి కుండల్లో దాచడం వారి పనులే. పొలంలో ఏ పంట వేయాలన్నది మగవారి నిర్ణయమైన ఇళ్ళలోనూ పెరడు స్త్రీల అధీనంలో ఉండేది. పెరటి పంట విలువ ఇంటి ఆదాయ లెక్కల్లోకి ఎక్కకపోవడానికి ఇది కొంత కారణం.

*ఇతర దేశాల్లో సామూహిక తోటలు*

యూరప్‌లో పారిశ్రామికీకరణతో పట్టణాలకు చేరిన కార్మికుల కోసం చిన్న తోట మళ్ళను అద్దెకిచ్చే ఏర్పాట్లు 19వ శతాబ్దంలో పెరిగాయి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1864లో ఏర్పడిన ష్రేబర్ సంఘం మొదట పిల్లల ఆటస్థలం కోసం పుట్టి, తరువాత కుటుంబ తోటల ఉద్యమానికి పేరుగా నిలిచింది. బ్రిటన్‌లో 1908 నాటి చట్టం గిరాకీ ఉన్నచోట మళ్ళు కేటాయించే బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచింది. అమెరికాలో 1893 ఆర్థిక సంక్షోభం తరువాత డెట్రాయిట్ మేయర్ హేజెన్ పింగ్రీ ఖాళీ స్థలాలను బంగాళదుంపల సాగుకు నిరుద్యోగులకు ఇచ్చారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ దేశంలో సుమారు 2 కోట్ల ‘విక్టరీ గార్డెన్లు’ ఉండేవని అంచనా.

యుద్ధం ముగియగానే వీటిలో ఎక్కువ భాగం మూతపడ్డాయి. 1973లో న్యూయార్క్‌లో లిజ్ క్రిస్టీ బృందం పాడుబడిన స్థలాన్ని శుభ్రం చేసి నాటిన తోటతో అక్కడి సామూహిక తోటలు మరో దశకు చేరాయి. సోవియట్ యూనియన్ పతనం తరువాత ఇంధనం, ఎరువుల దిగుమతులు ఆగిపోయిన క్యూబా, 1990ల్లో హవానా ఖాళీ స్థలాల్లో ఎత్తు మళ్ళు కట్టి సేంద్రియ కూరగాయలు పండించింది. కొరత వచ్చినప్పుడు పెరిగి, అది తీరగానే తగ్గిపోవడం ఈ చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

వీటికి భిన్నంగా, భారతదేశంలో 1940ల్లో మొదలైన ‘అధికాహారోత్పత్తి’ ఉద్యమం ప్రధానంగా ధాన్యం పైనే దృష్టి పెట్టింది.

*పెరటి నుంచి మిద్దెకు*

స్థలాల ధరలు పెరిగి ఇంటి చుట్టూ సిమెంటు పరచుకున్నాక, హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో మిగిలిన ఖాళీ జాగా డాబాయే అయింది. నగరాల చుట్టూ కూరగాయల సాగును పెంచేందుకు 2011–12లో కేంద్రం ప్రారంభించిన కార్యక్రమంలో హైదరాబాద్ కూడా ఉంది. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మీద తోట పెంచి, దాని గురించి రాస్తూ మిద్దె తోటలకు విస్తృత ప్రచారం తెచ్చారు. సాక్షి దినపత్రిక ‘ఇంటిపంట’ శీర్షిక మరెందరి అనుభవాలనో పాఠకులకు చేర్చింది. మూసీ నది వెంట మురుగునీటితో సాగయ్యే ఆకుకూరల గురించిన ఆందోళన, పురుగుమందుల అవశేషాల భయం నగరవాసులను ఈ వైపు నడిపించిన ముఖ్య కారణాలు.

మిద్దె తోట నిర్మాణం

మొక్క కంటే ముందు చూడవలసింది కప్పు బలం. భారత ప్రమాణాల సంస్థ నియమావళి ప్రకారం మనుషులు తిరిగే డాబాను సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు భారానికి లెక్కగడతారు. ఒక అడుగు మందాన పరచిన తడి మట్టి అదే విస్తీర్ణంలో 500 కిలోలు దాటుతుంది, అంటే అనుమతించిన భారానికి మూడు రెట్లకు పైగా. కాబట్టి డాబా అంతటా నేల మట్టి నింపడం ప్రమాదకరం. పాత ఇళ్ళలో ఇంజనీరు సలహా తప్పనిసరి. బరువైన మళ్ళను, డ్రమ్ములను స్తంభాలు, దూలాల మీదుగా గోడల అంచున ఉంచి, నడి కప్పు మీద తేలికైన సంచులు, కుండీలు పెట్టడం ఆచరణలో ఉన్న పద్ధతి.

నీరు నిలవకపోవడం అంతే ముఖ్యం. కుండీలను, మళ్ళను ఇటుకల మీద లేదా ఇనుప స్టాండ్ల మీద కొన్ని అంగుళాల ఎత్తున ఉంచితే కింద గాలి ఆడుతుంది, వేర్లు కప్పులోకి చొచ్చుకుపోవు, పగుళ్ళు, చెమ్మ ముందుగానే కనబడతాయి. తోట మొదలుపెట్టే ముందు కప్పుకు నీరు ఇంకని పూత వేయించాలి. కుండీల కింది పళ్ళాల్లో నిలిచిన నీటిలో డెంగీ వ్యాప్తి చేసే ఏడిస్ దోమ గుడ్లు పెడుతుంది. వారానికి ఒకసారైనా వాటిని ఒంపి ఆరబెట్టాలి.

పాత్రలుగా గ్రోబ్యాగులు, మట్టి కుండీలు, రంగు డబ్బాలు, సగానికి కోసిన డ్రమ్ములు, పనికిరాని ఫ్రిజ్ పెట్టెలు, సిల్పాలిన్ పట్టా పరచిన ఇటుక మళ్ళు వాడుతున్నారు. రసాయనాలు నిల్వ చేసిన డ్రమ్ములు ఆహార పంటలకు పనికిరావు. ఆకుకూరలకు 6 అంగుళాల లోతు చాలు. వంగ, టమాటా, మిరపకు ఒక అడుగు కావాలి. సొర, బీర వంటి పాదులకు, మునగ, నిమ్మ, జామకు ఇంకా పెద్ద పాత్ర ఉండాలి. కాయగూరలకు రోజుకు కనీసం 6 గంటల ఎండ అవసరం. ఆకుకూరలు 3–4 గంటల ఎండతోనూ నెగ్గుకొస్తాయి.

మట్టి మిశ్రమం, ఎరువులు

డాబాపై మట్టి తేలికగా, తేమ పట్టేదిగా, గాలి ఆడేదిగా ఉండాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలిపి, పిడికెడు వేపపిండి చేర్చే మిశ్రమం ఎక్కువమంది వాడేది. కొబ్బరి పొట్టులో ఉప్పు శాతం ఎక్కువ కావచ్చు కనుక వాడే ముందు నీటిలో నానబెట్టి రెండు మూడు సార్లు పిండాలి. పచ్చి పేడ నేరుగా వేస్తే వేడికి వేర్లు దెబ్బతింటాయి, వేరు పురుగులూ చేరతాయి.

*కంపోస్టు.* కూరగాయల తొక్కలు, మిగిలిన ఆకులు నత్రజని అందిస్తాయి. ఎండుటాకులు, కాగితం, కొబ్బరి పీచు కర్బనం అందిస్తాయి. కర్బనం నత్రజనికి 25–30 రెట్లు ఉన్నప్పుడు సూక్ష్మజీవులు చురుకుగా పనిచేస్తాయి. తడి వ్యర్థం ఎక్కువైతే కుళ్ళి వాసన వస్తుంది, ఎండు వ్యర్థం ఎక్కువైతే మాగడం ఆలస్యమవుతుంది. ఆచరణలో ఒక వంతు వంటింటి వ్యర్థానికి రెండు వంతుల ఎండుటాకులు వేస్తే సరిపోతుంది. నగరాల్లో ఎండుటాకులు దొరకడమే కష్టం. వీధుల్లో ఊడ్చి తగలబెట్టే ఆకులను సేకరించి పెట్టుకోవడం మిద్దె తోటల వారికి అలవాటుగా మారింది. వాసన, ఎలుకల భయంతో మాంసం, నూనె వంటకాలు ఇంటి కంపోస్టులో వేయరు.

*జీవామృతం.* సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన ప్రకృతి వ్యవసాయంలోని ఈ ద్రావణాన్ని ఎకరాకు 200 లీటర్ల చొప్పున తయారుచేస్తారు. ఇంటి తోటకు అందులో పదో వంతు చాలు: 20 లీటర్ల నీటిలో కిలో ఆవు పేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, పిడికెడు మంచి మట్టి కలిపి, నీడన ఉంచి, ఉదయం సాయంత్రం కర్రతో తిప్పుతారు. 48 గంటలకు సిద్ధమయ్యే దీన్ని నీటిలో పలచన చేసి వారంలోగా వాడతారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని విస్తరిస్తోంది. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. మరోవైపు జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లో పాలేకర్ ‘పెట్టుబడి లేని’ ప్రకృతి సాగు వాదనలకు శాస్త్రీయ నిరూపణ చాలదని అభ్యంతరం చెప్పింది. ఇంటి తోట విషయంలో ఈ వివాదానికి ప్రాధాన్యం తక్కువ. కంపోస్టు పుష్కలంగా వేసే చిన్న మడిలో జీవామృతం అదనపు తోడ్పాటు మాత్రమే. (చూ. ప్రకృతి వ్యవసాయం)

కాలాలు, పంటలు

మృగశిర కార్తెతో, అంటే జూన్ 7–8 తేదీల నుంచి, విత్తే కాలం మొదలవుతుంది. సొర, బీర, కాకర, పొట్ల, దోస, గుమ్మడి పాదులు, బెండ, గోరుచిక్కుడు, గోంగూర తొలకరికి వేస్తారు. పందిరి చిక్కుడును కూడా వానాకాలంలోనే పెడతారు. పగలు తగ్గి రాత్రులు పెరిగాక గానీ సంప్రదాయ రకాలు పూతకు రావు కనుక కాయ శీతాకాలంలో దక్కుతుంది. టమాటా, వంగ, మిరప నారు ఆగస్టు–సెప్టెంబరులో పోసి 25–30 రోజులకు నాటుతారు. క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్, క్యాబేజీ, కాలీఫ్లవర్ అక్టోబరు నుంచి జనవరి దాకా బాగా వస్తాయి. కొత్తిమీర, మెంతి, పాలకూర చలికాలంలో తేలిక, వేసవిలో కష్టం.

వేసవి మిద్దె తోటకు అసలు పరీక్ష. గాలి ఉష్ణోగ్రత 42 డిగ్రీలున్న రోజు సిమెంటు కప్పు అంతకంటే చాలా వేడెక్కుతుంది, కుండీ అన్ని వైపుల నుంచీ కాగుతుంది. టమాటా పూత రాలిపోతుంది. సగం ఎండను ఆపే షేడ్‌నెట్ కట్టడం, మట్టి మీద ఎండు గడ్డి కప్పడం, కుండీలను దగ్గరగా జరపడం, ముదురు రంగు సంచులు మానడం రక్షణ మార్గాలు. బచ్చలి, తోటకూర, గంగవాయిలి, బెండ, గోరుచిక్కుడు, మునగ వేడిని తట్టుకుంటాయి.

మెంతి, తోటకూర విత్తిన 25–30 రోజుల్లో కోతకు వస్తాయి. బెండ 45–50 రోజులకు, వంగ, టమాటా నాటిన 60–70 రోజులకు కాపు మొదలుపెడతాయి. కొత్తగా మొదలుపెట్టేవారు ఆకుకూరలతో ఆరంభించడం మేలు: ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా తెలుస్తుంది.

పూత నిలవడం, చీడల అదుపు

పాదు పంటల్లో ఆడ, మగ పువ్వులు వేర్వేరు. పై అంతస్తులకు తేనెటీగలు అంతగా చేరవు కాబట్టి పిందెలు పసుపుబారి రాలడం సాధారణ ఫిర్యాదు. మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వు కీలాగ్రానికి చేతితో అద్దితే పిందె నిలుస్తుంది. సమయం ముఖ్యం. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. సొర, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. ఉదయం పది గంటలకు సొర పాదు దగ్గర ప్రయత్నించి ప్రయోజనం ఉండదు. బంతి, తులసి, సబ్జా మొక్కలు మళ్ళ మధ్య ఉంటే కీటకాలు వస్తాయి.

డాబా మీద తరచూ కనిపించేవి పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ, ఎర్రనల్లి, పండు ఈగ, వానాకాలంలో నత్తలు. పేనుబంకకు బలంగా కొట్టిన నీటి ధారే చాలాసార్లు సరిపోతుంది. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేస్తారు. తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు, పండు ఈగకు ఎర బుట్టలు వాడతారు. పిండినల్లి ముదిరితే మొక్కను పీకి పారేయడమే మిగతా తోటకు క్షేమం. అక్షింతల పురుగులు, వాటి పిల్ల పురుగులు పేనుబంకను తింటాయి. వాటిని తెగులు అనుకుని చంపడం తరచుగా జరిగే పొరపాటు.

నీటి వినియోగం

వేసవిలో చదరపు మీటరు మడికి రోజుకు 4–6 లీటర్లు అవసరమవుతాయి. డ్రిప్ అమర్చడం, మట్టిపై ఆచ్ఛాదన, పొద్దున్నే నీరు పెట్టడం వల్ల ఇది తగ్గుతుంది. ఏడాదికి 800 మి.మీ. వాన పడే చోట 100 చదరపు మీటర్ల కప్పు మీద 80,000 లీటర్లు కురుస్తుంది. అందులో కొంత నిల్వ చేసినా తోటకు గణనీయమైన ఆసరా. ఎ.సి. నుంచి కారే నీరు, కూరగాయలు కడిగిన నీరు మొక్కలకు పోయవచ్చు. ఒకప్పటి పెరళ్ళలో స్నానాల నీరు పారించినట్టు నేటి డిటర్జెంట్ నీటిని పారించకూడదు. అందులోని సోడియం మట్టిని పాడుచేస్తుంది.

సామూహిక తోటలు

వీటి నిర్వహణ రెండు విధాలు. ఒకదానిలో స్థలాన్ని మళ్ళుగా విభజించి ఒక్కో కుటుంబానికి ఇస్తారు, నీరు, కంచె, పనిముట్లు ఉమ్మడి. మరోదానిలో అందరూ కలిసి పనిచేసి పంటను పంచుకుంటారు. మొదటిదానిలో తగాదాలు తక్కువ. రెండవదానిలో పని అసమానంగా పడుతుంది కనుక హాజరు, పంపకాల గురించి ముందే రాసుకున్న నియమాలు కావాలి. అపార్ట్‌మెంట్ డాబాలు చట్టరీత్యా ఉమ్మడి ఆస్తి కాబట్టి నివాసుల సంఘం తీర్మానం లేకుండా మొదలుపెట్టిన తోటలు ఎక్కువ కాలం నిలవవు.

ఉమ్మడి సాగుకు తెలుగు నేలపై బలమైన ఉదాహరణ జహీరాబాద్ ప్రాంతంలో ఉంది. 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, ఎక్కువగా దళిత స్త్రీలు, చిరుధాన్యాలు, పప్పులు, కూరలు కలిపి సాగుచేస్తూ తమ విత్తన బ్యాంకులను నడుపుతున్నారు. ఎవరూ విత్తకుండా పొలం గట్ల మీద మొలిచే ఆకుకూరల విలువను బయటి ప్రపంచానికి తెలియజెప్పింది వీరే. ఈ సంఘాలకు 2019లో ఈక్వేటర్ బహుమతి లభించింది. అదే ప్రాంతంలో పర్మాకల్చర్ (సుస్థిర సాగు విధానం) శిక్షణ ఇచ్చే అరణ్య సంస్థ 2017 అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశానికి ఆతిథ్యమిచ్చింది.

ప్రభుత్వ పక్షాన, 2018లో మొదలైన పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీల్లో పోషణ వాటికలను, 2019 మార్గదర్శకాల ప్రకారం బడుల్లో పోషక తోటలను ప్రోత్సహిస్తున్నారు. వీటికి వేసవి సెలవులే పెద్ద గండం: రెండు నెలలు నీరు పోసే బాధ్యత ఎవరిదో తేలని చోట తోట జూన్ నాటికి ఎండిపోతుంది. మునగ, కరివేపాకు, బొప్పాయి వంటి బహువార్షికాలు నాటిన బడుల్లో నష్టం తక్కువ.

భూమిపై హక్కు లేకపోవడం అన్ని దేశాల్లోనూ సామూహిక తోటల ప్రధాన బలహీనత. 1999లో న్యూయార్క్ నగరం వందకు పైగా తోటల స్థలాలను వేలానికి పెట్టగా స్వచ్ఛంద సంస్థలు కొని కాపాడాయి.

పోషణ, ఆర్థికం, పరిమితులు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు 2,000 కేలరీల ఆహారంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు ఉండాలంటున్నాయి. నలుగురి కుటుంబానికి ఏడాదికి ఇది సుమారు 580 కిలోలు. పొలంలో ఎకరాకు 10 టన్నుల దిగుబడి అంటే చదరపు మీటరుకు సుమారు 2.5 కిలోలు. అదే స్థాయిలో 40 చదరపు మీటర్ల నికర సాగు స్థలంలో ఏడాదికి మూడు పంటలు తీస్తే 300 కిలోలు, అంటే అవసరంలో సగం. కుండీల్లో ఇంత రాబట్టడానికి అనుభవం కావాలి. ఇంటికి కావలసినదంతా డాబాపై పండుతుందన్న ప్రచారం ధాన్యం, పప్పులు, ఉల్లి, బంగాళదుంపల విషయంలో నిలవదు. ఆకుకూరలు, మిరప, కరివేపాకు, పుదీన, పాదు కూరల విషయంలో చాలావరకు నిజమే. కోసిన గంటలో వండే ఆకుకూరలో సి విటమిన్ నష్టం తక్కువగా ఉంటుంది.

మొదటి ఏడాది సంచులు, మట్టి, షేడ్‌నెట్, డ్రిప్ ఖర్చు పంట విలువను మించడం మామూలే. ఈ పెట్టుబడి కొన్నేళ్ళపాటు ఉపయోగపడుతుంది. ఏటా విత్తనాలు కొనకుండా నాటు రకాల గింజలు కట్టుకుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. సంకర రకాల గింజలు తల్లి మొక్క గుణాలను నిలపవు. కోతుల బెడద ఉన్న ఊళ్ళలో వల కట్టనిదే కాయ దక్కదు. అద్దె ఇళ్ళవారికి యజమాని అనుమతి మరో అడ్డంకి. ఎత్తగలిగే గ్రోబ్యాగులు అందుకే వారికి అనువైనవి.

విదేశాల్లో తెలుగువారి తోటలు

అమెరికాలోని తెలుగు కుటుంబాలు వేసవి నెలల్లో పెరళ్ళలో గోంగూర, బీర, సొర, దోస, బచ్చలి పండిస్తారు. మంచు భయం పోయాకే విత్తాలి కనుక నారును ముందుగా ఇంట్లో కిటికీల దగ్గర పెంచుతారు. గోంగూర పగటి నిడివి తగ్గాక పూస్తుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో గింజ ముదిరేలోపే మంచు పడుతుంది. కాబట్టి ఆకు సమృద్ధిగా దొరికినా విత్తనం దక్షిణాది రాష్ట్రాల నుంచో, స్వదేశం నుంచో వస్తుంది. కరివేపాకును కుండీల్లో పెంచి చలికాలంలో ఇంట్లోకి చేరుస్తారు. నిమ్మజాతి చెట్లకు ప్రాణాంతకమైన తెగులును వ్యాపింపజేసే సిలిడ్ అనే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుచేత కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సస్ వంటి రాష్ట్రాల్లో ఈ మొక్కను ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి తరలించడంపై ఆంక్షలున్నాయి. బంధువుల ఇంటి నుంచి పిలక తెచ్చుకోవడం కూడా వాటి పరిధిలోకి రావచ్చు.

ఇవి కూడా చూడండి: ఆకుకూరలు, కంపోస్టు, కార్తెలు, చిరుధాన్యాలు, పర్మాకల్చర్, ప్రకృతి వ్యవసాయం, వాన నీటి సంరక్షణ, విత్తన బ్యాంకులు.